జులూకి ఆరు, తునికి పదకొండున్నర

మార్చి 9, 2024, శనివారం

ఈవేళ 1.1 గంటలు. మా క్లబ్బు సెస్నా 172లో గంటలు లెక్కపెట్టే మీటరు పదో వంతుల్లో తిరుగుతుంది, బిల్లూ పదో వంతుల్లోనే వస్తుంది. లేక్ టెక్సోమా దాకా పోయి, రెడ్ రివర్ మీద ఒక చుట్టు తిరిగి వెనక్కి వచ్చేశాను. 6:29కి సూర్యాస్తమయం కాబట్టి ఆరుకల్లా దిగిపోవాలని పెట్టుకున్నాను, దిగాను. తాళ్ళు కట్టి, చక్రాలకి దిమ్మలు పెట్టేసరికి ఎర్రటి వెలుగు రెక్క మీద ఇంకా ఉంది.

పక్క విమానం ముసలాయన తన తాళ్ళు బిగిస్తూ "రేపటినుంచి మనకి సంక్రాంతి" అన్నాడు. సంక్రాంతి అనలేదు, వాళ్ళ పండగ పేరేదో అన్నాడు. నాకు అలా వినపడింది. రేపు అస్తమయం 7:30. ఒక్క రాత్రిలో సాయంత్రం గంట పొడుగవుతుంది. ఉద్యోగం చేసుకుంటూ సరదాకి ఎగిరేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. నవంబరు నుంచి ఇప్పటిదాకా మా ఎగరడమంతా శని, ఆదివారాలే. సోమవారం నుంచి శుక్రవారం దాకా విమానం కట్టుగొయ్యకి కట్టేసిన గేదెలా నిలబడే ఉంటుంది.

ఇంటికొచ్చి గడియారాలు గంట ముందుకి తిప్పాను. ఫోన్లు వాటంతట అవే మారతాయి. పొయ్యి మీది గడియారం, మైక్రోవేవ్, హాల్లో గోడ గడియారం నా వంతు. కారులోది నేను ఎప్పుడూ ముట్టుకోను. ఎనిమిది నెలలు నిజం చెబుతుంది, నాలుగు నెలలు అబద్ధం చెబుతుంది. ఆ మాత్రం నిజాయతీ చాలు.

మా ఆవిడ నిన్న శివరాత్రి జాగారం చేసింది. మధ్యాహ్నం నిద్రలో "ఇవాళ రాత్రి ఎంతసేపు పడుకోవచ్చు" అని అడిగింది. గంట తక్కువ అన్నాను. "శివుడికి ఇచ్చింది చాలక వీళ్ళకి కూడానా" అని అటు తిరిగి పడుకుంది.

మార్చి 11, సోమవారం

పొద్దున్న 7:30కి కారెక్కగానే అలవాటు ప్రకారం అమ్మకి ఫోన్ చేశాను. చలికాలమంతా ఆ వేళకి తునిలో సాయంత్రం ఏడు. దీపం పెట్టేసి, అన్నం వండేసి, తీరిగ్గా కూర్చుని ఉంటుంది. ఈవేళ ఆరే అయింది. "దీపం పెట్టే వేళ ఫోనేంట్రా, ఏమైనా అయిందా" అని కంగారుపడింది. ఏమీ కాలేదమ్మా, మా గడియారం మారిందన్నాను.

"మళ్ళీనా?"

పద్దెనిమిదేళ్ళుగా ఏడాదికి రెండుసార్లు ఇదే ప్రశ్న. ఆవిడ లెక్కలో తేడా పదకొండున్నర గంటలు. అది పదిన్నరయినప్పుడు తప్పు నాదే అన్నట్టు మాట్లాడుతుంది. ఆలోచిస్తే నిజమే. తుని గడియారం కదల్లేదు, కదిలింది నాదే.

మా చిన్నదాన్ని బస్సు దగ్గర దింపేసరికి 7:05, ఇంకా చీకటి. సూర్యోదయం 7:42కి. పోయిన శుక్రవారం ఇదే బస్సుకి తెల్లగా తెల్లారి ఉండేది. పిల్ల బ్యాగుకి మెరిసే పట్టీ అంటించాం. సాయంత్రం నాకు దొరికిన గంట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ బస్ స్టాపులో కనపడింది.

అమెరికాలో ఒకసారి ఏడాది పొడుగునా ఈ డేలైట్ సేవింగ్ టైమే ఉంచి చూశారు. 1974 జనవరి 6న మొదలుపెట్టారు, నిక్సన్ కాలంలో, చమురు కొరత రోజుల్లో. నడి చలికాలంలో పిల్లలు చిమ్మచీకట్లో బడికి నడవాల్సి వచ్చేసరికి తల్లిదండ్రులు తిరగబడ్డారు. ఆ అక్టోబరుకే వెనక్కి తిప్పేశారు. మళ్ళీ 2022 మార్చి 15న సెనేట్ ఎవరూ అడ్డు చెప్పకుండానే శాశ్వతం చేసేద్దామని బిల్లు నెగ్గించింది. దిగువ సభలో అది చర్చకే రాలేదు. 1974 గుర్తున్నవాళ్ళు అక్కడ ఇంకా కొందరు ఉన్నారేమో.

మార్చి 12, మంగళవారం

ఆఫీసునుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి. 5:50కి ఇంజన్ స్టార్ట్. నవంబరు తరవాత పనిరోజున ఎగరడం ఇదే. దిగేసరికి 7:05, వెలుతురు ఇంకా దండిగా ఉంది. నిన్న బస్ స్టాపు గురించి రాసిన మాటలు పైన రెక్క కింద చేలు చూస్తుంటే గుర్తు రాలేదు. ఇది కూడా రాసుకోవాలి కదా.

వాతావరణం కాగితం చదవడానికి నాకు మూడు క్షణాలు ఎక్కువ పట్టింది. విమానాల లోకంలో వాతావరణ సూచనలు, నోటీసులు అన్నీ జులూ టైములో ఉంటాయి. జులూ అంటే జెడ్ అక్షరానికి రేడియోలో పలికే పేరు, అంటే ప్రపంచం మొత్తానికి ఒకటే అయిన యూటీసీ. అక్కడ ఎండాకాలం, చలికాలం తేడా లేదు. చలికాలంలో దాంట్లోంచి ఆరు తీసేస్తే డాలస్ టైమ్, ఇప్పుడు అయిదు తీసెయ్యాలి. తునికయితే ఎప్పుడూ అయిదున్నర కలపడమే. నాకు ఒక్కోసారి అనిపిస్తుంది, జులూకి నిజమైన చుట్టరికం మా తునితోనే అని. మారని సంబంధం.

ఏప్రిల్ 8, సోమవారం

సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరిమీదుగా. విమానంలో పోయి చూద్దామన్న ఆశ ఒకటి ఉండేది గానీ, గ్రహణం దారిలో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులన్నీ కిక్కిరిసిపోతాయని ప్రభుత్వం ముందే హెచ్చరించింది. దానికితోడు అమ్మ. "మాకు కనపడదు కాబట్టి మాకు పట్టూ విడుపూ లేవు. నువ్వున్న చోట ఉన్నాయి. గాల్లో ఉండకు" అంది. కింద ఉండే చూశాను, ఆఫీసు పార్కింగ్‌లో.

పొద్దుటి మబ్బు సరిగ్గా వేళకి విడిచింది. 1:40కి పూర్తి చీకటి. నాలుగు నిమిషాలకి కొంచెం తక్కువ. శుక్రుడు కనిపించాడు. పక్షులు ఆగిపోయాయి. పక్క బిల్డింగ్ వాళ్ళెవరో చప్పట్లు కొట్టారు, ఎవరికోసమో తెలీదు.

నాకు పట్టింది మరొకటి. చీకటి పడినప్పుడు తల పూర్తిగా పైకెత్తి చూడాల్సి వచ్చింది. సూర్యుడు ఇంచుమించు నడి ఆకాశంలో ఉన్నాడు. గడియారంలో ఒంటిగంట నలభై! లెక్క వేసి చూస్తే ఈవేళ డాలస్‌లో అసలు మధ్యాహ్నం, అంటే పొద్దు నడినెత్తికి వచ్చే క్షణం, 1:29కి. మేం పన్నెండింటికి లంచ్ అనుకుని తినేది పొద్దుటి పదిన్నరకి అన్నమాట. డేలైట్ సేవింగ్ గంట ఒకటి, డాలస్ తన టైమ్ జోన్ మధ్యగీతకి బాగా పడమటగా ఉండడం మరో అరగంట, రెండూ కలిసి సూర్యుణ్ణి గంటన్నర వెనకేశాయి.

మా తునిలో అలా కాదు. భారతదేశపు టైముకి ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. అది దక్షిణాన సముద్రంలోకి దిగేముందు అన్నవరానికీ తునికీ మధ్యనుంచి పోతుంది. చిన్నప్పుడు బడిలో పన్నెండు గంట కొడితే నీడ కాళ్ళ దగ్గరే ఉండేది. గడియారమంటే అదే పని చేస్తుందనుకుంటూ పెరిగాను.

రేపు ఉగాది. వేపపువ్వు దొరకలేదు, తను ఫ్రీజర్లోంచి తీసింది.

జూన్ 20, గురువారం

సూర్యాస్తమయం 8:38. ఏడింటికి బయల్దేరాను. రన్‌వే మీద వేడి ఇంకా పొగలా లేస్తోంది. ఈ వేడికి గాలి పల్చబడి 172 పైకి లేవడానికి బద్ధకిస్తుంది. మధ్యాహ్నమైతే కింది ఎండకి గాలి సుడులు తిరిగి విమానాన్ని ఎత్తెత్తి కుదేస్తుంది. ఎనిమిది దాటాక మాత్రం నూనె పోసినట్టు ఉంటుంది. టెక్సాస్‌లో ఎగరడానికి అంతకంటే మంచి వేళ లేదు, ఆ వేళని నాకిస్తున్నది ఈ దొంగ గంటే.

దీనికి ఒక మూల్యం ఉంది. రాత్రిపూట మరో మనిషిని ఎక్కించుకుని ఎగరాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు రాత్రి ల్యాండింగులు చేసి ఉండాలి, ప్రతిసారీ పూర్తిగా ఆపి. ఆ లెక్కకి రాత్రి అంటే అస్తమయమయిన గంట తరవాత. ఈవేళ్టికది 9:38. మూడుసార్లు ఎక్కి దిగి, తాళ్ళు కట్టి, ఇల్లు చేరేసరికి పదకొండు. పొద్దున్న ఆరింటికి లేవాలి. ఫిబ్రవరిలో చేసినవి మే నెలలోనే కాలం చెల్లాయి. వేసవి అంతా నాకు వెలుతురు ఎక్కువ, రాత్రి లేదు.

రాత్రికి ఈ చట్టంలో మూడు నిర్వచనాలు. అస్తమయం కాగానే రెక్కల చివర దీపాలు వెలగాలి. సంధ్య వెలుగు ఆరాక, అంటే మరో అరగంటకి, లాగ్‌బుక్‌లో రాత్రి అని రాసుకోవచ్చు. ప్రయాణికుల సంగతికి గంట తరవాత. కొత్తలో దీన్ని చూసి తికమకపడ్డాను గానీ మా నాయనమ్మకి చెబితే వెంటనే అర్థమై ఉండేది. ఆవిడకి అసురసంధ్య వేరు, దీపాలవేళ వేరు, మాటుమణిగిన వేళ వేరు. ఒక్కో వేళకీ ఒక్కో నిషేధం.

జులై 27, శనివారం

మబ్బు కిందకి దిగి కూర్చుంది. ఎగరడం లేదు. ఇంట్లో కూర్చుని ఈ గంట ఎవరి పుణ్యమో చదివాను.

రైతులకోసం పెట్టారని ఇక్కడ అందరూ అనుకుంటారు. రైతులే దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆవుకి గడియారం అక్కర్లేదు, మంచు ఆరేదాకా గడ్డి కొయ్యలేరు, కూలీలు మాత్రం గడియారం చూసి ఇంటికి పోతారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు కూడా చెబుతారు. ఆయన 1784లో పారిస్ వాళ్ళ ఆలస్యపు నిద్రని వెక్కిరిస్తూ రాశాడంతే, గడియారం తిప్పమనలేదు.

అసలువాళ్ళు ఇద్దరూ సరదాలున్న మనుషులు. న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అని పోస్టాఫీసు ఉద్యోగి. ఆయనకి పురుగులు పట్టి పోగుచెయ్యడం పిచ్చి. డ్యూటీ దిగాక వెలుతురు చాలడం లేదని 1895లో ఏకంగా రెండు గంటలు జరపమన్నాడు. ఇంగ్లండులో విలియం విల్లెట్ ఇళ్ళు కట్టే మేస్త్రీ, గోల్ఫ్ ఆడేవాడు. పొద్దుటే గుర్రం మీద పోతుంటే ఎండ వచ్చేసినా జనం తలుపులు మూసుకుని నిద్రపోతున్నారని ఒళ్ళుమండింది. 1907లో పుస్తకం అచ్చేయించి పంచాడు. ఏప్రిల్లో నాలుగు ఆదివారాలు, ఆదివారానికి ఇరవై నిమిషాల చొప్పున జరపమని ఆయన పథకం. చూడకుండానే 1915లో పోయాడు. మరుసటి ఏడాదే యుద్ధంలో బొగ్గు పొదుపు కోసం జర్మనీ, దాని వెనకే బ్రిటన్ అమలు పెట్టాయి. అమెరికా 1918లో.

ఒకడు పురుగులకోసం, ఒకడు ఆటకోసం అడిగిన గంట. నేను దాన్ని విమానానికి వాడుకుంటున్నాను. ముగ్గురం ఒకే తానులో గుడ్డలం. బడి పిల్లల సంగతి ఆ ఇద్దరికీ తట్టలేదనే అనుకుంటాను.

ఆగస్టు 11, ఆదివారం

నాన్నకి ఎనభై నిండాయి. అన్నవరంలో వ్రతం చేయించారు. సాయంత్రం ఫోన్లో నాన్న గొంతు అదోలా ఉంది.

వ్రతం అయ్యాక అక్కడి పంతులుగారికి జాతకం చూపించారట. తాతగారు తాటాకు మీద కాదు, అరఠావు కాగితం మీద సిరాతో రాసిందే. తారణ నామ సంవత్సరం, శ్రావణ మాసం, ఇంగ్లీషు తేదీ 1944 ఆగస్టు 6, ఉదయం 6 గంటల 40 నిమిషాలు, సింహ లగ్నం. పంతులుగారు ఏడాది చూసి ఆగారట. "బాబూ, యుద్ధం రోజుల్లో మన దేశంలో గడియారాలు గంట ముందుకి తిప్పారు. ఈ టైము పాతదా, కొత్తదా?" అని అడిగారట. కొత్తదయితే గంట తీసెయ్యాలి, తీసేస్తే లగ్నం వెనక్కి జరిగి కర్కాటకం అవుతుంది.

"ఏరా, మీ ఊళ్ళో ఏటా తిప్పుతారు కదా, నీకు తెలుస్తుందని అడుగుతున్నాను. ఇక్కడా తిప్పారా?"

తిప్పారు నాన్నా. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా. 1942 ఏప్రిల్లోనే కాకినాడ మీద, విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసి ఉన్నాయి. ఆ మూడేళ్ళూ మన దేశం జులూకి అయిదున్నర కాదు, ఆరున్నర. మారని చుట్టరికం అని మార్చిలో రాసుకున్నాను. అదీ ఒకసారి మారింది.

అయితే గడియారం తిప్పమన్నంత మాత్రాన తునిలో ఆ ఇంట్లో తిప్పారా లేదా? తాతగారు రైల్వే స్టేషన్ చూసి టైము పెట్టుకునేవారా, లేక తన పాత గడియారాన్ని అలాగే ఉంచేశారా? నాన్నకి తెలీదు. అడగడానికి ఎవరూ లేరు.

"ఎనభై ఏళ్ళు సింహాన్ననుకుని బతికాను. ఇప్పుడు ఎండ్రకాయంటున్నారు" అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలీలేదు. వెనక అమ్మ మాత్రం నవ్వింది.

నవంబరు 3, ఆదివారం

రాత్రి రెండింటికి ఒంటిగంట అయింది. 25 గంటల రోజు. అస్తమయం నిన్న 6:36, ఈవేళ 5:35. ఎనిమిది నెలల సెలవు అయిపోయింది. దీన్ని ప్రామాణిక సమయం అంటారు. ఏడాదిలో 18 వారాలుండేది ప్రామాణికం, 34 వారాలుండేది తాత్కాలికం. ఈ పేర్లు పెట్టినవాళ్ళని ఒకసారి చూడాలనుంది.

ఎయిర్‌పోర్టుల వివరాల పుస్తకంలో పనివేళలు జులూలో ఇచ్చి, పక్కన రెండు అడ్డగీతలున్న కత్తి గుర్తు వేస్తారు. డేలైట్ సేవింగ్ ఉన్నన్నాళ్ళూ ఆ వేళలు జులూలో గంట ముందే వస్తాయని దానర్థం. ఈవేళనుంచి ఆ గుర్తుని పట్టించుకోనక్కర్లేదు. సూర్యుణ్ణి పట్టించుకోవాలి.

చిన్నది మాత్రం రేపు వెలుతుర్లో బస్సెక్కుతుంది. నన్నెవరైనా ఓటు అడిగితే, ఏడాది పొడుగునా సూర్యుడి టైమే ఉంచమంటాను. ఎగిరేవాడిగా నా సాయంత్రాలు పోతాయి, తెలుసు. పురుగులవాడికీ గోల్ఫ్ ఆయనకీ లేని బస్ స్టాపు నాకుంది.

నవంబరు 16, శనివారం

సిగ్గుపడుతూ రాస్తున్నాను.

ఫీనిక్స్ నుంచి బావమరిది వచ్చాడు. అరిజోనాలో గడియారం ముట్టుకోరు. ఎడారిలో సాయంత్రం ఎండ ఇంకో గంట ఎవరిక్కావాలి అని ఎప్పుడో మానేశారు. ఆ రాష్ట్రంలోనే నవాహో తెగవాళ్ళ నేలమీద మాత్రం మారుస్తారు, వాళ్ళ మధ్యలో ఉన్న హోపీ వాళ్ళు మార్చరు. ఆ దారిలో కారులో పోతే ఫోను గంట ముందుకీ వెనక్కీ గెంతుతూనే ఉంటుందట. వీడికి ఇదంతా వేడుక. "బావా, మేమెప్పుడూ ఉన్నచోటే ఉంటాం, మీరే మాకు ఓసారి రెండు గంటలు, ఓసారి ఒక గంట దూరం పోతుంటారు" అని నిన్నంతా ఏడిపించాడు.

వాణ్ణి ఎక్కించుకుని మధ్యాహ్నం ఆర్డ్‌మోర్ పోయాను, ఓక్లహోమాలో, నలభై నిమిషాల దారి. భోంచేసి రావడమే పని. దీన్ని ఇక్కడి పైలట్లు వంద డాలర్ల హాంబర్గర్ అంటారు, ఇప్పుడు వందకి రాదు. వాతావరణం చూశాను. మా ఊరికి 2200 జులూ నుంచి చలిగాలి తోపు, వాయవ్యం నుంచి 22 నాట్స్, విసుర్లు 33. ఇరవై రెండులోంచి అయిదు పోతే పదిహేడు, అంటే సాయంత్రం అయిదు. మనం 3:45కి బయల్దేరితే 4:25కి ఇంట్లో ఉంటాం. బోలెడు టైమ్.

ఎనిమిది నెలలు అయిదు తీసేసిన బుర్ర అది. రెండు వారాలయింది, ఆరు తియ్యాలి. తోపు వచ్చేది నాలుగింటికి. ఉత్తరాన ఉన్న ఆర్డ్‌మోర్‌కి ఇంకా ముందే. యాప్ తెరిస్తే లోకల్ టైమ్ పక్కనే చూపిస్తుంది. నేను జులూ చదివి మనసులో లెక్కేసుకునే ఘనుణ్ణి కదా, చూడలేదు.

మూడు దాటాక బయటికొస్తే గాలి దక్షిణం నుంచి వాయవ్యానికి మారి, గాలిసంచి గిర్రున తిరిగి, బిగిసిన చెయ్యిలా నిలబడింది. కట్టేసిన విమానాల రెక్కలు ఊగుతున్నాయి. ఫోన్ తీసి, లెక్క మళ్ళీ చేసి, బావమరిది మొహం చూడకుండా "కాసేపాగుదాం" అన్నాను. గంట ముందు బయల్దేరి ఉంటే దాటిపోయేవాళ్ళం. ముప్పావుగంట ఆలస్యంగా గాలి మారి ఉంటే దాని నోట్లో ఉండేవాళ్ళం. ఆ రెండోది తలుచుకుంటే అరచేతులు తడిసిపోయాయి.

గాలి ఏడింటికి తగ్గింది. అస్తమయం 5:26కే అయిపోయింది. 6:26 దాటితే నేను ప్రయాణికుడితో దిగకూడదు, ఆ మూడు రాత్రి ల్యాండింగులు లేవు కాబట్టి. ఒక్కణ్ణే పోవచ్చు. బావమరిదిని ఓక్లహోమాలో వదిలేసి నేను ఇంటికి ఎగిరిపోతే చట్టం ఊరుకుంటుంది గానీ వాళ్ళక్క ఊరుకోదు.

తను గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చింది. మా ఇద్దర్నీ చూసి ఏమీ అనలేదు. కారులో గడియారం గంట ముందుంది. దాన్ని చూపించి "ఇదొక్కటే మీతో ఏకీభవిస్తోంది" అంది.

నవంబరు 17, ఆదివారం

విమానం తెచ్చేశాను. తొడకి కట్టుకునే రాతపలక మీద తెల్ల టేపు అంటించి పెద్దగా 6 అని రాశాను. మార్చిలో పీకేసి 5 అంటించాలి. కారు గడియారం కూడా తిప్పాను.

నవంబరు 20, బుధవారం

అమ్మకి మళ్ళీ ఏడింటికే ఫోన్ వెళ్తోంది. సంతోషం. ఆర్డ్‌మోర్ సంగతి చెప్పలేదు.

మాటల్లో నాన్న లగ్నం వచ్చింది. నాన్న ఇంకా ఎటూ తేల్చుకోలేదట, పేపర్లో వారఫలాలు రెండూ చదువుతున్నాడట. అప్పుడు అమ్మ మామూలుగా అంది: "మీ నాయనమ్మ ఎప్పుడూ ఒకటే అనేది. పొద్దు పొడుస్తుండగా పుట్టాడు, మంత్రసాని గుమ్మంలోకి తెచ్చి చూపించేసరికి ఎండ మొహమ్మీద పడింది అని. కాగితం మీద ఆరూ నలభై ఉంది కదా, అప్పటికి పొద్దెక్కిపోతుంది, ముసలావిడ మరిచిపోయి చెబుతోందనుకునేవాళ్ళం."

కారు పక్కకి ఆపాను. ఆగస్టు మొదటి వారంలో తునిలో సూర్యోదయం 5:40 ప్రాంతం. కాగితంలో 6:40. సరిగ్గా గంట. తాతగారు యుద్ధపు టైమే రాశారు. సాక్ష్యం ఉండనే ఉంది, గడియారం చూడ్డం రాని మనిషి చెప్పింది కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నాన్నకి ఫోనిమ్మన్నాను. విన్నాడు. కాసేపటికి "అయితే ఎండ్రకాయే" అన్నాడు. "మా అమ్మ నిజం చెప్పిందన్నమాట."

నవంబరు 22, శుక్రవారం

ఆఫీసు అయ్యాక ఎయిర్‌పోర్టు. అస్తమయం 5:23, గంట ఆగి, ఎవర్నీ ఎక్కించుకోకుండా బయల్దేరాను. జూన్‌లో పదకొండింటి దాకా మేలుకోవాల్సిన పని ఇప్పుడు భోజనం వేళకి ముందే అవుతుంది. చీకటి కాలం ఇచ్చే లాభం ఇదొక్కటి. మొదటి ల్యాండింగ్ కొంచెం ఎత్తునుంచి కూలబడింది. మిగతా రెండూ బాగానే ఉన్నాయి.

లాగ్‌బుక్: రాత్రి 0.8. ల్యాండింగులు 3, పూర్తిగా ఆపి. చక్రాలు నేల విడిచిన వేళ 6:41, అంటే 0041 జులూ, అక్కడ అప్పటికే శనివారం. తునిలో 6:11, సూర్యోదయం వేళ.